నిరుటి పద్దుతో సరిచూసేదెలా?



బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు ఏ పేపరు తిరగేసినా ఒకే రకం వార్తలు కనిపిస్తాయి. ఫలానా శాఖకు నిరుటి కంటే ఇంత శాతం ఎక్కువ ఇచ్చారు, ఫలానా శాఖకు కోత పెట్టారు అని. శాసనసభలో వాగ్వాదాలు, టీవీ చర్చలు, రైతు సంఘాల, ఉద్యోగ సంఘాల ప్రకటనలు అన్నీ ఆ శాతాల మీదే నడుస్తాయి. ఆ శాతం నిలబడాలంటే ముందు ఒక సంగతి తేలాలి. నిరుడు ఆ పద్దు కింద ఏ ఖర్చులు రాశారో, ఈ ఏడు కూడా అవే రాశారా? రాయకపోతే ఆ శాతానికి అర్థం లేదు. కుంచం మార్చి కొలిస్తే గాదెలో వడ్లు పెరగవు. ప్రభుత్వం పద్దుల కూర్పు ఎప్పుడు మార్చినా, పాత సంవత్సరాల లెక్కను కొత్త కూర్పులో కూడా అచ్చువేసి మన చేతికివ్వాలి. ఈ పూట నా ప్రసంగమంతా ఈ ఒక్క కోరిక గురించే.

ముందుగా ఒక పట్టికను దగ్గరగా చూద్దాం.

2021 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో ఆరోగ్యం, శ్రేయస్సు అనే శీర్షిక కింద 2 లక్షల 23 వేల 846 కోట్ల రూపాయలు చూపించారు. అంతకు ముందు ఏడాది బడ్జెట్ అంచనా 94,452 కోట్లు. పెరుగుదల 137 శాతం. కరోనా మొదటి దెబ్బ నుంచి దేశం అప్పుడప్పుడే తేరుకుంటోంది. ఆరోగ్యానికి ఒక్కసారిగా ఇంత డబ్బా అని చాలామంది సంతోషించారు. ఆ మొత్తం ఏయే పద్దులు కలిసి అయిందో ప్రసంగానికి జతచేసిన అనుబంధంలో వరుసగా ఇచ్చారు. ఆ వరుస ఇచ్చారు కాబట్టే ఇవాళ నేను దాన్ని విప్పి చెప్పగలుగుతున్నాను. ఆ మేరకు ఆర్థిక శాఖను మెచ్చుకోవాలి.

వరుసలో మొదటిది ఆరోగ్య, కుటుంబ సంక్షేమ విభాగం, 71,269 కోట్లు. ఆరోగ్య బడ్జెట్ అనగానే మన మనసులోకి వచ్చే పెద్దాస్పత్రులు, జాతీయ ఆరోగ్య మిషన్ వంటివన్నీ ఇందులోవే. ఆ తర్వాత ఆరోగ్య పరిశోధనకు 2,663 కోట్లు, ఆయుష్‌కు 2,970 కోట్లు. ఆపైన తాగునీరు, పారిశుద్ధ్యం విభాగానికి 60,030 కోట్లు. పోషకాహారానికి 2,700 కోట్లు. కరోనా టీకాలకు 35,000 కోట్లు. చివరగా ఆర్థిక సంఘం గ్రాంట్లు రెండు: నీళ్లకూ పారిశుద్ధ్యానికీ 36,022 కోట్లు, ఆరోగ్యానికి 13,192 కోట్లు. అన్నీ కూడితే 2,23,846.

తాగునీరు ఆరోగ్యంలో భాగం కాదా అంటే, ముమ్మాటికీ భాగమే. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లను ఎరిగిన మనకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నా అభ్యంతరం పక్క గడి గురించి. 2020-21 గడిలో తాగునీటి విభాగానికి 21,518 కోట్లు వేశారు, అది సరైన పద్ధతే. ఆర్థిక సంఘం నీళ్ల గ్రాంటు దగ్గర మాత్రం ఆ గడి ఖాళీ. అయితే నిరుడు అలాంటి గ్రాంటు లేదా? ఉంది. 2020-21కి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన 60,750 కోట్లలో సగం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని షరతు పెట్టింది. అంటే 30 వేల కోట్ల పైమాట. కొత్త ఏడాది మొత్తంలో అలాంటి డబ్బు చేరింది, పాత ఏడాది మొత్తంలో చేరలేదు. శాతం కొంత అక్కడే ఉబ్బింది.

ఇప్పుడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ విభాగం ఒక్కదాన్నే తీసుకోండి. 2020-21 బడ్జెట్ అంచనా 65,012 కోట్లు. దాంతో పోలిస్తే 71,269 కోట్లు సుమారు 9.6 శాతం ఎక్కువ. కానీ కరోనా వల్ల ఆ ఏడాది మధ్యలోనే ఖర్చు పెంచి, సవరించిన అంచనా 78,866 కోట్లు చేశారు. దాంతో పోలిస్తే కొత్త కేటాయింపు సుమారు 9.6 శాతం తక్కువ. ఒకే ఏడాది, ఒకే దేశం ఆరోగ్యం, మూడు జవాబులు: 137 శాతం పెరిగింది, 9.6 శాతం పెరిగింది, 9.6 శాతం తగ్గింది. మూడూ అచ్చయిన అంకెలే. దేన్ని దేనితో పోల్చారో చెప్పకుండా వీటిలో ఏ ఒక్కటి వినిపించినా వినేవాడికి అన్యాయం చేసినట్టే.

మరి మన పద్దులకు ఒక క్రమం లేదా అని మీకు సందేహం రావచ్చు. ఉంది, చాలా చక్కటి క్రమం ఉంది. రాజ్యాంగంలోని 112వ అధికరణం కేంద్రాన్నీ, 202వ అధికరణం రాష్ట్రాలనూ ఏటా ఆదాయ వ్యయాల వివరం సభ ముందు పెట్టమంటున్నాయి. ఆ లెక్కలు ఏ రూపంలో ఉండాలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) సలహా మీద రాష్ట్రపతి నిర్ణయించాలని 150వ అధికరణం చెబుతోంది. 1974 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ఖర్చును ఏ పని కోసం పెట్టారన్నదాన్ని బట్టి వర్గీకరిస్తున్నారు. ఉదాహరణకు 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. శ్రీకాకుళంలో చూసినా, గువాహటిలో చూసినా 2210 అంటే అదే. మొదటి అంకె 2 కాబట్టి అది రెవెన్యూ ఖర్చు. ఆస్పత్రి భవనం కడితే 4210, మూలధన ఖర్చు. ఆ రంగానికి అప్పు ఇస్తే 6210. ఆస్పత్రుల మీద ఆదాయం వస్తే 0210. చివరి మూడంకెలు మారవు. ఈ అమరిక అర్థమైతే బడ్జెట్ పుస్తకం చదవడం సగం వచ్చేసినట్టే.

ఈ నాలుగంకెల పద్దులను మేజర్ హెడ్లంటారు. వాటి కింద మైనర్ హెడ్లు ఉంటాయి. అంతవరకు దేశమంతా ఒకటే జాబితా. దాని కింద, పథకం స్థాయిలో, సబ్ హెడ్లు తెరుచుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. జనానికి కావలసిన లెక్క ఉండేది సరిగ్గా ఆ స్థాయిలోనే, తెగిపోయేదీ అక్కడే.

పింఛన్ల సంగతే చూడండి. వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు ఇచ్చే పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత ఎన్టీఆర్ భరోసా, 2019 తర్వాత వైఎస్ఆర్ పెన్షన్ కానుక, 2024లో మళ్లీ ఎన్టీఆర్ భరోసా. తెలంగాణలో రైతు పెట్టుబడి సాయం 2018లో రైతుబంధుగా మొదలై తర్వాత రైతు భరోసా అయింది. పేర్లు పెట్టుకోవడం ఎన్నికైన ప్రభుత్వాల ఇష్టం, దాని జోలికి నేను పోను. కానీ పేరుతోపాటు సబ్ హెడ్ కూడా మారితే, పాత పేరు ఎదురుగా సున్నా, కొత్త పేరు ఎదురుగా వేల కోట్లు కనిపిస్తాయి. తీసుకునే అవ్వ ఒక్కతే, నెలనెలా అందేదీ ఆ పింఛనే. పుస్తకంలో మాత్రం ఒక పథకం ఆగిపోయింది, ఇంకొకటి కొత్తగా పుట్టింది. దానికి తోడు ఒకే పథకం డబ్బును సాధారణ మైనర్ హెడ్ కింద కొంత, 789 కింద ఎస్సీల వాటాగా కొంత, 796 కింద గిరిజన ప్రాంతాల వాటాగా కొంత చూపిస్తారు. ఈ విభజన అవసరమే, అది లేకపోతే ఆ వర్గాల వాటా ఎంతో తెలియదు. కాకపోతే పదేళ్ల పింఛన్ల ఖర్చు కావాలన్నవాళ్లు మూడు చోట్ల, వేర్వేరు పేర్లతో వెతికి కూడుకోవాలి. ఒక్కచోట తప్పితే మొత్తమంతా తప్పు.

ఇక 800 అనే మైనర్ హెడ్ ఒకటుంది. ఇతర ఖర్చులు, ఇతర ఆదాయాలు అని దాని అర్థం. సరైన పద్దు దొరకనప్పుడు వాడుకోవడానికి పెట్టింది. దీన్ని ఎడాపెడా వాడొద్దని, లెక్కల్లో పారదర్శకత పోతోందని కాగ్ తన నివేదికల్లో రాష్ట్రాలకు మళ్లీ మళ్లీ చెబుతూ వస్తోంది. ఈ ఏడు 800లో పడేసిన ఖర్చును వచ్చే ఏడు సొంత పద్దులోకి మారిస్తే, అక్కడ లేని పెరుగుదల కనిపిస్తుంది.

మన రెండు రాష్ట్రాలకూ 2014-15 చాలా ముఖ్యమైన ఏడాది. పదేళ్ల ప్రగతి, పన్నెండేళ్ల అప్పులు అంటూ ఎవరు ఏ గ్రాఫు గీసినా దాదాపు అక్కడే మొదలవుతుంది. పోలికకు అంతగా పనికిరాని ఏడాది కూడా అదే. జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ నవంబర్ 5న తెలంగాణ తొలి బడ్జెట్‌ను ఈటల రాజేందర్ ప్రవేశపెట్టారు. 1 లక్షా 637 కోట్లు, పది నెలలకు. తర్వాతి ఏడాది బడ్జెట్ 1 లక్షా 15 వేల 689 కోట్లు, పన్నెండు నెలలకు. రెండు అంకెలు పక్కపక్కన పెడితే 15 శాతం పెరుగుదల. నెలకు ఎంత అని భాగిస్తే మొదటి ఏడాది 10 వేల 60 కోట్ల పైన, రెండో ఏడాది 9,640 కోట్లు. నెలసరి అంచనా నిజానికి తగ్గింది.

అదే ఏడాది ఇంకో మార్పు జరిగింది. అప్పటిదాకా కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బులో చాలా భాగం రాష్ట్ర ఖజానాలో పడకుండా నేరుగా జిల్లా ఏజెన్సీలకు, సొసైటీలకు వెళ్లేది. 2014-15 నుంచి దాన్ని రాష్ట్ర బడ్జెట్ ద్వారానే పంపించారు. రాష్ట్రాల ప్రణాళికలకు కేంద్ర సహాయం 1 లక్షా 36 వేల కోట్ల నుంచి 3 లక్షల 38 వేల కోట్లకు పెరుగుతుందని 2014 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చిదంబరం మధ్యంతర బడ్జెట్లో చెప్పారు. కొత్త డబ్బు రావడం వల్ల కాదు, అందులో ఎక్కువ భాగం దారి మారిన పాత డబ్బే. అంతకు ముందు జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ) ఖాతాలో పడ్డ రూపాయి రాష్ట్ర బడ్జెట్లో కనబడేది కాదు, ఇప్పుడు కనబడుతుంది. ఆ మరుసటి ఏడాది 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది, దానికి తగ్గట్టు కేంద్ర పథకాల్లో రాష్ట్రాలు భరించే వాటాలూ మారాయి. రెండేళ్లలో ఇన్ని మార్పులు. 2013-14 ఉమ్మడి రాష్ట్రం లెక్కను ఏదో ఒక నిష్పత్తిలో చీల్చి, 2016-17తో పోల్చి, మేం ఇంత సాధించామనో, మీరింత పాడుచేశారనో చెప్పేవాళ్లను దయచేసి ఒక్క ప్రశ్న అడగండి. వీటిలో దేనిదేనికి సర్దుబాటు చేశారు?

తర్వాత 2017-18. ప్రణాళిక, ప్రణాళికేతర అనే విభజన ఆ ఏడాది పోయింది. అది పోవాలని సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం 2011లోనే సూచించింది. కొత్త బడి కట్టడం ప్రణాళిక, ఉన్న బడికి మరమ్మతు చేయడం ప్రణాళికేతరం అయినప్పుడు అందరి చూపూ కట్టడం మీదే ఉంటుంది, మరమ్మతును పట్టించుకునేవాళ్లు ఉండరు. ఆ విభజన పోవడం మంచిదే. తెలంగాణ దాని స్థానంలో నిర్వహణ పద్దు, ప్రగతి పద్దు అని రెండు తెచ్చింది. చక్కటి తెలుగు పేర్లు. 2017-18లో నిర్వహణ పద్దు 61,607 కోట్లు, ప్రగతి పద్దు 88,038 కోట్లు.

అంతకు ముందు ఏడాది ప్రణాళికేతర వ్యయం 62,785 కోట్లు, ప్రణాళిక 67,630 కోట్లు. చాలామంది సహజంగానే ప్రగతిని ప్రణాళికతో, నిర్వహణను ప్రణాళికేతరంతో పోల్చుకున్నారు. అలా చూస్తే ప్రగతి ఒక్క ఏడాదిలో 30 శాతం పెరిగింది, నిర్వహణ వెయ్యి కోట్లకు పైగా తగ్గింది. మొత్తం బడ్జెట్ పెరిగింది సుమారు 14.7 శాతం. జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఏటా పెరిగేవే, అవన్నీ ఉండే పద్దు తగ్గడం ఎలా సాధ్యం? పాత ప్రణాళికేతరంలోని కొన్ని ఖర్చులు ప్రగతిలోకి మారి ఉండాలి. అవి ఏవో, ఎంతో చెప్పే ఒక్క పేజీ, అంటే 2016-17ను నిర్వహణ, ప్రగతి పద్దులుగా తిరిగి రాసిన పేజీ ప్రజల ముందు ఉంటే ఈ ఊహలతో పనుండదు.

ఇది లెక్కల మనుషుల చాదస్తం అనుకునేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ఏం చెప్పింది? రాష్ట్ర ప్రణాళికా వ్యయంలో జనాభా దామాషాన దళితులకు, గిరిజనులకు వాటా కేటాయించాలని చెప్పింది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చిన చట్టం అది. 2017లో ప్రణాళిక అనే పద్దే మాయమైతే ఆ వాటాను దేనిలోంచి లెక్కకట్టాలి? తెలంగాణ అదే ఏడాది ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో కొత్త చట్టం చేయాల్సివచ్చింది. పాత వాటా, కొత్త వాటా సమానమేనా అని అడిగే హక్కు ఆ వర్గాలకు ఉంది. రెండు కూర్పుల్లోనూ ఒకే ఏడాది లెక్క లేకపోతే ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. నేను ఈ విషయాన్ని ఇంత పట్టుదలగా మాట్లాడటానికి అసలు కారణం ఇది.

మంచి పని కూడా లెక్కను ఎలా తలకిందులు చేస్తుందో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. భారత ఆహార సంస్థకు ఇవ్వాల్సిన సబ్సిడీలో కొంత భాగాన్ని కేంద్రం చాలా ఏళ్లు బడ్జెట్లో చూపలేదు. ఆ సంస్థకు జాతీయ చిన్న పొదుపు నిధి నుంచి అప్పు ఇప్పించేవారు. 2021 బడ్జెట్ ఆ అలవాటుకు స్వస్తి చెప్పింది, పాత అప్పు తీర్చే డబ్బును కూడా లెక్కలోకి తెచ్చింది. దాంతో 2020-21 ఆహార సబ్సిడీ బడ్జెట్ అంచనా 1 లక్షా 15 వేల కోట్లు కాస్తా సవరించిన అంచనాలో 4 లక్షల 22 వేల కోట్లయింది, అసలు ఖర్చు 5 లక్షల 41 వేల కోట్లకు చేరింది. అందులో కరోనా కాలంలో పంచిన ఉచిత బియ్యం, గోధుమలూ ఉన్నాయి, పాత అప్పుల చెల్లింపూ ఉంది. తర్వాతి ఏడాది అంచనా 2 లక్షల 42 వేల కోట్లు. పైపైన చూసినవాళ్లకు పేదల తిండికి సగానికి పైగా కోత పడినట్టే అనిపిస్తుంది. ముందరి ఏళ్లలో దాచిన సబ్సిడీని ఏ ఏడాదిది ఆ ఏడాదిలో వేసి ఒక వరుస తయారుచేస్తే తప్ప పెరిగిందో తగ్గిందో చెప్పలేం.

అలాంటి వరుస తయారుచేయడం మన ప్రభుత్వాలకు చేతకాని పనేమీ కాదు. ఉద్యోగుల కరవు భత్యాన్ని తీసుకోండి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ ఆధారంగా దాన్ని కడతారు. 2020 ఆగస్టులో ఆ సూచీ 338. సెప్టెంబరులో 118.1. ధరలు మూడో వంతుకు పడిపోలేదు, 2001 ఆధార సంవత్సరం పోయి 2016 వచ్చింది. లేబర్ బ్యూరో కొత్త సూచీతో పాటే 2.88 అనే లింకింగ్ ఫ్యాక్టర్ ప్రకటించింది. 118.1ని దాంతో గుణిస్తే పాత కొలతలో 340 వస్తుంది. కరవు భత్యం లెక్క ఎక్కడా తెగకుండా నడిచింది. ఆ ఒక్క అంకె లేకపోతే దేశంలో ఉద్యోగ సంఘాలు ఊరుకునేవా? జీడీపీ ఆధార సంవత్సరాన్ని 2015లో మార్చినప్పుడు పాత ఏళ్ల వరుస కోసం దేశం 2018 నవంబరు దాకా ఎదురుచూడాల్సివచ్చింది, అయినా వరుస అంటూ వచ్చింది. కంపెనీల చట్టం ప్రకారం ఏ కంపెనీ అయినా తన లెక్కల్లో నిరుటి అంకెను ఈ ఏటి అంకె పక్కన చూపాల్సిందే. వాటాదారుకు ఉన్న ఆ మర్యాద పన్ను కట్టే పౌరుడికి ఉండాలి కదా.

కాబట్టి నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఒక పద్దు విడిపోయినా, ఇంకో దానిలో కలిసినా, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు మారినా, పథకం పేరు మారినా, బడ్జెట్ పుస్తకాల్లో ఒక అనుబంధం ఉండాలి. పాత కోడ్, కొత్త కోడ్, మారిన తేదీ, ముందరి మూడేళ్ల లెక్కలు కొత్త కూర్పులో. ఇందుకు అదనంగా కష్టపడాల్సింది కూడా తక్కువే. పాత పద్దు మూసి కొత్త పద్దు తెరిచినప్పుడు, ఏ బిల్లు ఏ పద్దులోకి పోవాలో ఖజానాకు చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ అనే ఆర్థిక నిర్వహణ వ్యవస్థలు వచ్చాక ఆ బిల్లులన్నీ కంప్యూటర్లలోనే నడుస్తున్నాయి. ఆ సమాచారాన్ని సభ్యుల బల్లల మీదకు, గ్రంథాలయాల్లోకి, ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి చేర్చడమే మిగిలిన పని.

జిల్లాల వారీ లెక్కలకు ఈ అనుబంధం మరీ అవసరం. తెలంగాణలో 2016 దసరా రోజున, అక్టోబర్ 11న, 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆర్థిక సంవత్సరం అప్పటికి సగం దాటింది. 2019లో ఇంకో రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, అదృష్టవశాత్తు ఆర్థిక సంవత్సరం మొదట్లోనే. ఇవాళ మహబూబాబాద్‌లోనో, పార్వతీపురం మన్యంలోనో ఉన్నవాళ్లు మా ప్రాంతంలో ఆస్పత్రుల మీద పదేళ్లలో ఖర్చు పెరిగిందా అని అడిగితే, పాత వరంగల్ లెక్కనూ, పాత శ్రీకాకుళం, విజయనగరం లెక్కలనూ చూపించి లాభం లేదు. బిల్లు పెట్టిన కార్యాలయానికి ఖజానాలో ఒక డీడీఓ కోడ్ ఉంటుంది. జిల్లా పేరు మారినా ఆ ఏరియా ఆస్పత్రి ఆ ఊళ్లోనే ఉంది. ఆ కోడ్ల వారీగా పాత ఏళ్ల ఖర్చును ఇప్పటి జిల్లా హద్దుల్లో కూడి ఇవ్వవచ్చు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మీ ఎమ్మెల్యే ఆరోగ్య పద్దు మీద మాట్లాడబోయే ముందు, ఆ లెక్కను సభలో అడగమని ఆయనకో ఆమెకో ఒక ఉత్తరం రాయండి.